పెద్ద రైఫిల్ మీద స్కోప్ నిలవడం లేదు: బిగింపు చాలడం లేదా, అమరికే తప్పా?

వైనతేయ తీరం (రాజోలు)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారి కాలం నుంచి మా ఇంట్లో ఉన్న .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ బోల్ట్ యాక్షన్ రైఫిల్, నాన్నగారి తదనంతరం వారసత్వ నిబంధనల ప్రకారం నా లైసెన్సులో చేరింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం కనుక, అనుమతి ఉన్న రేంజిలో కాగితపు లక్ష్యం మీద అప్పుడప్పుడు కాల్చడం, ఆయుధాన్ని తుప్పు పట్టకుండా కాపాడుకోవడం, ఈ రెండే దానితో నాకున్న పని. వయసు పెరిగే కొద్దీ ఇనుప సైటు, లక్ష్యం రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించడం మానేశాయి. అందుకని లైసెన్సు ఉన్న ఒక గన్‌స్మిత్ చేత రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) మీద రెయిలు (స్కోప్ బిగించే గాళ్ల పట్టా) వేయించి, ఒక అంగుళం గొట్టం ఉన్న 3-9 స్కోప్ (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపే దూరదర్శిని) బిగించుకున్నాను.

ఇబ్బంది ఏమిటంటే, మొదటి రెండు మూడు తూటాలు దగ్గర దగ్గరగానే పడతాయి, ఆ తరువాత గ్రూపు (తూటాలు పడే గుంపు) ఒక పక్కకు నడుస్తుంది. స్క్రూలు చూస్తే వదులుగా ఉండవు. ఇంకా గట్టిగా బిగిస్తే మరికొంతసేపు నిలిచినట్టు అనిపించి మళ్లీ అదే వరస. దీనికి తోడు, బల్ల మీద ఆనించి కాల్చినప్పుడు ఐపీస్ (స్కోప్‌కు కంటి వైపు చివర) అంచు నా కళ్లద్దాలకు తగిలింది. ఇంతకంటే పెద్ద పొడవు పిడి ఉన్న స్క్రూడ్రైవర్ తెచ్చి బిగించమని ఒకరు, స్కోపే మార్చమని మరొకరు అంటున్నారు. డబ్బు ఖర్చు పెట్టే ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాతకాలువ గట్టు (నరసాపురం)

వైనతేయ తీరం గారికి నమస్కారం. స్క్రూడ్రైవర్ పొడవు పెంచే ఆలోచనను ముందుగా పక్కన పెట్టండి. మీరు మోస్తున్న బరువెంతో ఒకసారి లెక్క వేస్తే, కేవలం బిగింపు బలం మీద ఆధారపడడం ఎందుకు కుదరదో మీకే అర్థమవుతుంది.

సుమారు 4 కిలోల రైఫిల్‌లో 300 గ్రెయిన్ల (సుమారు 19 గ్రాముల) తూటా పేలినప్పుడు, తుపాకి దాదాపు సెకనుకు 5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. శక్తి రూపంలో చెప్పాలంటే అది 50 జౌళ్ల చుట్టుపక్కల ఉంటుంది. మామూలుగా గట్టి తన్ను అనుకునే .30-06 రైఫిల్ ఇందులో సగం దగ్గరే ఆగుతుంది. ఆ వేగమంతా ఒకటిన్నర రెండు మిల్లీసెకన్లలోనే పుడుతుంది. అర కిలో బరువున్న స్కోప్‌ను అంత తక్కువ వ్యవధిలో రైఫిల్‌తో పాటు వెనక్కి లాక్కుపోవడానికి పదిహేను వందల న్యూటన్ల వరకు బలం కావాలి, అంటే క్షణకాలం పాటు ఒకటిన్నర క్వింటాళ్ల బరువు స్కోప్‌ను పట్టుకుని ముందుకు ఈడ్చినట్టు. రైఫిల్ వెనక్కి పోతుంటే స్కోప్ ఉన్న చోటే ఉండిపోవాలని చూస్తుంది కాబట్టి, రైఫిల్‌తో పోల్చితే అది ఎప్పుడూ ముందు వైపుకే జారుతుంది. ఈ దిశను గుర్తు పెట్టుకుంటే తక్కిన అమరిక అంతా దాని నుంచే వస్తుంది.

ఆ బలాన్ని స్క్రూల పట్టు భరించకూడదు, లోహానికి లోహం అడ్డుగా నిలిచి భరించాలి. రెయిలు మీద అడ్డంగా ఉండే గాళ్లు అందుకోసమే. రింగు (స్కోప్‌ను చుట్టి పట్టుకునే కడియం) అడుగున ఉండే అడ్డకమ్మీ ఆ గాడిలో కూర్చుని, గాడి ముందు గోడకు ఆనుకుని ఉండాలి. కాబట్టి రింగులను రెయిలు మీద పెట్టాక, నట్లు బిగించే ముందు రెంటినీ బారెల్ మొన వైపుకు నెట్టి పట్టుకుని, అలా నెట్టి ఉంచిన స్థితిలోనే బిగించాలి. ఇలా చేయకపోతే ప్రతి తూటాకూ ఆ కమ్మీ ఉన్న ఖాళీ మేరకు ముందుకు దూకి గోడను సుత్తిలా కొడుతుంది. స్క్రూ వదులు కాకుండానే స్కోప్ కదలడమంటే ఇదే.

అయితే మీ విషయంలో కదులుతున్నది ఏదో ముందు తేలాలి. మూడు కీళ్లున్నాయి: రిసీవర్‌కూ రెయిలుకూ మధ్య ఒకటి, రెయిలుకూ రింగుకూ మధ్య ఒకటి, రింగుకూ స్కోప్ గొట్టానికీ మధ్య ఒకటి. సన్నని కుంచెతో తెల్ల రంగు గానీ, ఇంట్లో ఆడపిల్లల గోళ్ల రంగు గానీ తీసుకుని మూడు కీళ్ల మీదా అడ్డంగా ఒక్కొక్క గీత గీయండి. అది పూర్తిగా ఆరాక రేంజికి వెళ్లి కొన్ని తూటాలు కాల్చి, ఏ గీత తెగిందో చూసి ఇక్కడ రాయండి. ఏ గీతా తెగకుండా గ్రూపు నడిస్తే అప్పుడు మాత్రమే స్కోప్ లోపలి భాగాలను అనుమానించవచ్చు. రింగుల తయారీ ఏ రకమో, అడ్డకమ్మీ మందం ఎంతో వెర్నియర్‌తో కొలిచి చెప్పినా మేలు.

బీవీఆర్‌ఎం స్ప్రింగర్ (భీమవరం)

పెద్దలు మాట్లాడుకుంటున్న విషయం మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. నా దగ్గర ఉన్నది లైసెన్సు అక్కరలేని .177 స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మాత్రమే. దానికి తన్ను ఏముంటుందిలే అనుకుని మామూలు రైఫిల్ స్కోప్ పెడితే, క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డం నిలువు గీతలు) లోపలే తిరిగిపోయింది. రింగులేమో ముందుకు కాకుండా వెనక్కి, నా కంటి వైపుకు పాకుతున్నాయి. పైన చెప్పిన దిశకు ఇది వ్యతిరేకం కదా? ఇది ఎలా సాధ్యం?

పాతకాలువ గట్టు (నరసాపురం)

మీ ప్రశ్న ఈ చర్చకు దూరమైనది కాదు. స్ప్రింగ్ రైఫిల్‌లో బరువైన పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకి వెనక్కి కదులుతుంది. ఆ పిస్టన్ సిలిండర్ చివర ఆగిపోయిన క్షణంలో తుపాకి ఒక్కసారిగా ముందుకు కుదుపుతుంది. ఈ రెండో కుదుపు పదునైనది, దాని వల్ల స్కోప్ వెనక్కి జారాలని చూస్తుంది. అందుకే ఎయిర్ రైఫిళ్లలో అడ్డుకట్ట పిన్ను గానీ, స్టాప్ బ్లాక్ గానీ రింగుకు వెనుక వైపున పెడతారు. మామూలు రైఫిల్ స్కోప్‌లో కటకాలను ఒక దిశ దెబ్బకు తట్టుకునేలా అమరుస్తారు, రెండు దిశల దెబ్బ తగిలితే లోపలి అమరిక వదులవుతుంది. ఖరీదు ఎక్కువన్న ధైర్యంతో పెట్టకుండా, ఎయిర్‌గన్‌కు పనికివస్తుందని తయారీదారు రాసిచ్చిన స్కోప్ మాత్రమే కొనండి. పెద్ద రైఫిల్ మీద నిలిచిన స్కోప్ స్ప్రింగర్ మీద చెడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

లేత్ పనివాడు (తణుకు)

నమస్కారం. నేను తుపాకుల మనిషిని కాను. పంపు షాఫ్టులు, చెరువుల ఏరేటర్ల భాగాలు తయారు చేసే లేత్ వర్క్‌షాపు నడుపుతాను. లైసెన్సు లేని వర్క్‌షాపులో తుపాకి మీద చేయి వేయడం ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం నేరం కాబట్టి, ఎవరైనా రిసీవర్ పట్టుకొచ్చి రంధ్రం వేయమంటే నేను వెనక్కి పంపించేస్తాను. అయినా స్క్రూలు, మరల గురించి నాకు తెలిసింది చెప్పడంలో తప్పు లేదనుకుంటున్నాను.

రైఫిల్ బేసులకు (రెయిలు వంటి, రిసీవర్ మీద బిగించే ఆధారాలకు) సాధారణంగా 6-48 అనే సన్నమర స్క్రూలు వాడతారు. వాటి మందం 3.5 మిల్లీమీటర్లు. తన్ను ఎక్కువ ఉన్న రైఫిళ్లకు 8-40 స్క్రూలు వేయడం మంచిది. వాటి మందం 4.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే తెగుబాటును తట్టుకునే కోత వైశాల్యం సుమారు 40 శాతం పెరుగుతుంది. మన ఊళ్లలో స్క్రూ పోతే సైకిల్ షాపుకో హార్డ్‌వేర్ దుకాణానికో పరుగెత్తే అలవాటుంది. అక్కడ దొరికే 4 మిల్లీమీటర్ల మెట్రిక్ స్క్రూ 8-40 రంధ్రంలో రెండు మూడు చుట్లు హాయిగా దిగి, అక్కడ బిగుసుకుంటుంది. మన మనిషి అది బిగిసిందని సంతోషిస్తాడు. నిజానికి అప్పటికే రిసీవర్ మర నలిగిపోయి ఉంటుంది, దాన్ని బాగు చేయాలంటే పెద్ద రంధ్రం వేయడం తప్ప దారి లేదు.

స్క్రూ పొడవు సంగతి ఇంకా ప్రమాదకరం. ముందు స్క్రూ పొడవెక్కువైతే బారెల్ మరకు తగలవచ్చు, వెనుకది పొడవెక్కువైతే బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) దారికి అడ్డం రావచ్చు. స్క్రూ బిగిసి కూర్చుంది గానీ బేస్ మాత్రం పట్టుబడలేదు అనే పరిస్థితి ఇలాగే వస్తుంది. ప్రతి స్క్రూనూ బిగించాక బోల్ట్‌ను ముందుకూ వెనక్కీ నడిపి చూడడం మీ గన్‌స్మిత్ తప్పకుండా చేయవలసిన పని.

మరో సంగతి. పాత మౌజర్ తరహా రిసీవర్ల వెనుక వంతెన ఎత్తు ఒక్కొక్క దానికి ఒక్కొక్క రకంగా ఉంటుంది. రెయిలును ముందు స్క్రూలతో మాత్రమే బిగించి, వెనుక వైపు కింద సన్నని కాగితం దూరుతుందేమో చూడమనండి. కాగితం దూరితే, వెనుక స్క్రూలు బిగించినప్పుడు రెయిలు విల్లులా వంగుతుందన్న మాట. వంగిన రెయిలు మీద రింగులు పెడితే అవి స్కోప్ గొట్టాన్ని మెలిపెడతాయి. ఆ సందును లోహపు పొడి కలిసిన ఎపాక్సీతో నింపి, ఒక పక్క అంటకుండా మైనపు పూత పూసి ఆరనిస్తే, రెయిలు వంగకుండా పూర్తిగా ఆనుతుంది. సందు కింద రేకు ముక్కలు దోపడం మాత్రం వద్దు. వేడి చేసి రిసీవర్‌ను మెత్తబరచి రంధ్రం వేస్తామని ఎవరైనా అంటే తుపాకి వెనక్కి తీసుకుని వచ్చేయండి. ఆ పైపొర గట్టిదనమే బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ను మూసి నిలిపే ముక్కలు) ఆనే చోటును కాపాడుతుంది.

మరలకు నూనె తడి ఉండకూడదు. అసిటోన్‌తో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ స్క్రూనూ రంధ్రాన్నీ కడిగి, బేస్ స్క్రూలకు మధ్యరకం నీలం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేసి, ఒక రోజంతా ఆరనివ్వాలి. మా ఏరేటర్ మోటార్ల నట్లకూ మేము అదే వాడతాం. ఎర్ర రంగుది వాడితే రేపు విప్పడానికి వేడి పెట్టవలసి వస్తుంది.

గోస్తనీ వాసి (అత్తిలి)

పైన అందరూ చెప్పింది సరే గానీ, ఇంత హంగామా అక్కరలేదని నా అభిప్రాయం. మా పెద్దవాళ్లు రింగుల లోపల సెల్లోటేప్ గానీ, వయొలిన్ కమానుకు రాసే రాళ (రోజిన్) పొడి గానీ వేసి బిగించేవారు. స్కోప్ అంగుళం కూడా కదిలేది కాదు. సన్నని గరుకు కాగితం పెట్టినా పట్టు దొరుకుతుంది.

పాతకాలువ గట్టు (నరసాపురం)

గోస్తనీ వాసి గారూ, రాళ పొడి పాత పద్ధతే, చాలామంది నిపుణులు వాడినదే, గొట్టానికి హాని లేదు కనుక దాన్ని తోసిపుచ్చను. సెల్లోటేప్‌ను మాత్రం ఒప్పుకోలేను. మన గోదావరి జిల్లాల ఎండాకాలంలో దాని జిగురు కరిగి జారుడు పొరగా మారుతుంది. గరుకు కాగితమైతే ప్రతి తూటాకూ గొట్టాన్ని అరగదీస్తుంది. పట్టు కావాలనుకుంటే రింగు లోపలి గుండ్రం సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అవసరమైతే లాపింగ్ కడ్డీతో (రుద్ది నునుపు చేసే కడ్డీతో) సమం చేయించడం సరైన పని. రెండు రింగుల మధ్య రేఖ కలవకపోతే గొట్టం రెండు అంచుల మీద మాత్రమే ఆనుతుంది. అప్పుడు ఎంత బిగించినా పట్టు పెరగదు, గొట్టం మాత్రం నొక్కుకుపోతుంది.

ఉక్కు రింగు పైమూతల స్క్రూలకు 15 నుంచి 18 అంగుళపౌన్ల టార్క్ (తిప్పే బలం), అంటే సుమారు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు, సాధారణంగా సరిపోతుంది. బేస్ స్క్రూలకు 20 నుంచి 28 వరకు వాడతారు. రెయిలు మీది పెద్ద అడ్డనట్టుకు మాత్రం కొన్ని తయారీలలో 65 వరకు ఉంటుంది. మీ రింగుల తయారీదారు ఇచ్చిన అంకె వేరైతే దాన్నే పాటించండి. చేతి అంచనాను నమ్మవద్దు. టార్క్ స్క్రూడ్రైవర్ ధర మంచి స్కోప్ ధరలో చిన్న భాగమే. రింగు మూతలను ఒక పక్కే బిగించుకుంటూ పోకుండా, అడ్డంగా మారుస్తూ కొంచెం కొంచెంగా బిగిస్తే రెండు వైపులా సందు సమానంగా ఉంటుంది, క్రాస్‌హెయిర్ కూడా తిరిగిపోదు.

వైనతేయ తీరం (రాజోలు)

అందరికీ ధన్యవాదాలు. రంగు గీతలు గీసి, రేంజికి వెళ్లి వచ్చాను. రిసీవర్‌కూ రెయిలుకూ మధ్య గీత చెక్కు చెదరలేదు. గొట్టం మీది గీత కూడా అలాగే ఉంది. రెయిలుకూ రింగులకూ మధ్య గీత మాత్రం రెండు చోట్లా తెగి, రింగు వైపు ముక్క ముందుకు జరిగింది. వెర్నియర్‌తో కొలిస్తే రింగుల అడ్డకమ్మీ 4.5 మిల్లీమీటర్లు, రెయిలు గాడి వెడల్పు 5.2 మిల్లీమీటర్లు ఉన్నాయి.

పాతకాలువ గట్టు (నరసాపురం)

ఇక అనుమానం లేదు. మీ రెయిలు పికటినీ ప్రమాణానిది, మీ రింగులు వీవర్ తరహావి. 1995లో అమెరికా సైన్యం ప్రమాణంగా నిర్ణయించిన పికటినీ రెయిలు గాడి 5.23 మిల్లీమీటర్లు. అంతకుముందు నుంచీ ఉన్న వీవర్ గాడి 4.57. వీవర్ రింగు పికటినీ రెయిలు మీద చక్కగా కూర్చుంటుంది కాబట్టి, దుకాణాల్లో రెండూ ఒకటేనన్నట్టు కలిపి అమ్మేస్తారు. చిన్న తన్ను ఉన్న రైఫిల్ మీద ఆ తేడా బయటపడదు. .375 మీద మాత్రం ఆ 0.7 మిల్లీమీటర్ల ఖాళీలో మీ స్కోప్ ప్రతి తూటాకూ ఒక సమ్మెట దెబ్బ తింటోంది.

ఇప్పటికి మీరు చేయగలిగింది ఏమిటంటే, రింగులను విప్పి, ముందు గోడకు నెట్టి, పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ బిగించడం. దానితో పని నడవవచ్చు. కానీ నా సలహా, గాడిని పూర్తిగా నింపే చదరపు అడ్డకమ్మీ ఉన్న ఉక్కు పికటినీ రింగులు తెప్పించుకోమనే. స్కోప్ బరువు తగ్గితే రింగుల మీద పడే బలం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక, ముందు ముందు స్కోప్ మార్చే రోజు వస్తే 9 రెట్ల జూమ్ మీద మోజు వదిలి, తేలికైన 1-4 రకం చూడండి.

కళ్లద్దాలకు తగిలిన సంగతి దీనికి సంబంధం లేని విడి లోపం. స్కోప్ ముందుకు జారుతుంటే కంటికి దూరం పెరగాలి గానీ తగ్గకూడదు కదా! మొదటి నుంచీ దాన్ని మరీ వెనక్కి పెట్టి ఉంటారు. ఈ రైఫిల్‌కు కంటి దూరం (ఐపీస్ నుంచి కంటి వరకు) కనీసం 90 మిల్లీమీటర్లు, వీలైతే 100 ఉండాలి. జూమ్ స్కోపుల్లో చాలావాటికి ఎక్కువ జూమ్ దగ్గర కంటి దూరం తగ్గుతుంది కాబట్టి, దాన్ని 9 మీద పెట్టి సరిచూడండి. నిలబడి సరిచూస్తే చాలదు. బల్ల మీదికి వంగినప్పుడు, బోర్లా పడుకున్నప్పుడు మెడ ముందుకు సాగి కన్ను ఐపీస్‌కు దగ్గరవుతుంది. అందువల్ల ఆ భంగిమలోనే, మీరు రేంజిలో వేసుకునే చొక్కా, కళ్లద్దాలతోనే కూర్చుని, కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, తెరిచినప్పుడు నిండు గుండ్రం కనిపించే చోటు దాకా స్కోప్‌ను ముందు నుంచి మెల్లగా వెనక్కి తేవాలి. నిండు గుండ్రం మొదటిసారి కనిపించిన చోటే ఆపండి. ఐపీస్‌కు రబ్బరు తొడుగు వేసి ధైర్యపడవద్దు. ఇదంతా చేసేటప్పుడు మ్యాగజీన్ తీసి, ఛాంబర్‌ను కంటితోనూ వేలితోనూ సరిచూసుకుని, తూటాలను మరో గదిలో ఉంచండి.

లేత్ పనివాడు (తణుకు)

ఒక్క మాట కలుపుతాను. కోనసీమ ముసురు రోజుల్లో తుపాకి కర్ర భాగం (స్టాక్) నీటి తేమను పీల్చి ఉబ్బుతుంది, మాఘం నాటికి ఆరి కుంచించుకుపోతుంది. స్టాక్‌ను రిసీవర్‌కు పట్టి ఉంచే కింది స్క్రూలు దానితో పాటు వదులవుతాయి. గ్రూపు చెదిరితే స్కోప్‌ను తిట్టేముందు ఆ రెండు స్క్రూలను చూడడం మేలు. పైగా సముద్రపు గాలి తగిలే మీ వైపున ఉక్కు రింగుల కింద చెమ్మ చేరి తుప్పు పుడుతుంది. విప్పినప్పుడు రింగుల అడుగున పలుచగా తుపాకి నూనె తుడిచి, స్కోప్ గొట్టానికీ మరలకూ మాత్రం తగలనివ్వకండి.

వైనతేయ తీరం (రాజోలు)

కొత్త రింగులకు చెప్పాను. ఇంకొక సందేహం. ఎన్నికలప్పుడు ఆయుధాన్ని పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేయవలసి వస్తుంది. స్కోప్‌తో పాటే ఇవ్వవచ్చా, విప్పి ఇవ్వాలా? లాగితే ఊడి, మళ్లీ అదే చోట కూర్చునే లీవర్ రింగులు మంచివేనా?

పాతకాలువ గట్టు (నరసాపురం)

విప్పి ఇవ్వండి. అక్కడ పదుల తుపాకుల మధ్య గోడకు ఆనించి ఉంచే చోట స్కోప్‌కు తగిలే దెబ్బలను ఎవరూ లెక్క పెట్టరు, పెట్టమనడం కూడా న్యాయం కాదు. రసీదులో రైఫిల్ నంబరు, స్లింగ్ వంటి వివరాలు రాయించుకుంటే చాలు. లీవర్ రింగులు మంచి తయారీవైతే పెద్ద రైఫిళ్లకు అనువైనవే, మీ ఇనుప సైటు కూడా అందుబాటులో ఉంటుంది. చౌక రకం మాత్రం వద్దు, లీవర్ అరిగిన కొద్దీ పట్టు తగ్గుతుంది. ఏ రకమైనా, రింగులు రెయిలు మీద ఏ గాళ్లలో కూర్చున్నాయో గుర్తు పెట్టుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అవే గాళ్లలో, ముందుకు నెట్టి బిగించండి.

తుపాకిని గన్‌స్మిత్ దగ్గరకు మీరే స్వయంగా తీసుకువెళ్లలేని పక్షంలో, ఆయుధ చట్టం 3వ సెక్షన్ ప్రకారం మీరు రాతపూర్వకంగా ఇచ్చిన అధికార పత్రం తీసుకువెళ్లే మనిషి దగ్గర ఉండాలి. లైసెన్సు నకలు జత చేయండి.

కొత్త రింగులు వచ్చాక మొదట 25 మీటర్ల దగ్గర పెద్ద కాగితం మీద మొదలుపెట్టి, తూటా కాగితం మీద ఎక్కడ పడుతోందో తెలిశాకే 100 మీటర్లకు వెళ్లండి. తొలి కొన్ని తూటాల తరువాత అన్ని స్క్రూలనూ అదే టార్క్ అంకె మీద మరోసారి తాకి చూడండి. అప్పుడు ఏదైనా స్క్రూ కొంచెం తిరిగితే కంగారు పడకండి, కొత్త అతుకు సర్దుకుంటుంది. రెండోసారి కూడా తిరిగితే మాత్రం కాల్చడం ఆపి, కొత్తగా గీతలు గీసి ఇక్కడ రాయండి.